మంట బాగానే మండుతోంది, ఫ్రిజ్ మాత్రం చల్లబడట్లేదు: కరెంటు లేని పాత అబ్జార్ప్షన్ ఫ్రిజ్ రిపేర్

పాతసామాను:

అందరికీ నమస్కారమండీ. మా తాతయ్య గారి కాలం నాటి కిరోసిన్ ఫ్రిజ్ ఒకటి స్టోర్ రూమ్ లో చాలా ఏళ్ళుగా పడుంది, దాన్ని మళ్ళీ నడిపించాలని పట్టుదలగా ఉన్నాను. మోటార్ లేదు, కంప్రెసర్ లేదు, కింద ట్యాంకు, దాని మీద గుండ్రటి వత్తి బర్నర్, అక్కడి నుంచి వెనక వైపు పైకి పోయే పొగగొట్టం, దాని పక్కన మెలికలు తిరిగిన నల్లటి ఉక్కు ట్యూబులు. ఇంత బరువైన ట్యూబులు ఏ మామూలు ఫ్రిజ్ లోనూ చూడలేదు.

ట్యాంకు కడిగి కొత్త కిరోసిన్ పోసి వెలిగించాను, మంట నిలకడగానే మండుతోంది. వెనక కింద భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. కానీ రాత్రంతా నడిపినా పైన ఫ్రీజర్ పెట్టె గది వేడి కంటే ఒక్క పిసరు కూడా చల్లబడలేదు. అమ్మోనియా వాసన ఏమీ రావట్లేదు, పైన అక్కడక్కడ తుప్పు ఉంది గానీ కారిన జాడలు నాకైతే కనపడలేదు. ఇంకో విషయం, స్టోర్ రూమ్ నుంచి తెచ్చేటప్పుడు వ్యాన్ లో పడుకోబెట్టి తెచ్చారు.

ఏసీ రిపేర్ చేసే ఆయనకి చూపిస్తే గ్యాస్ అయిపోయింది, ట్యూబు కట్ చేసి వాల్వ్ పెట్టి గ్యాస్ ఎక్కిస్తా అన్నాడు. ఇంకొకాయన అవన్నీ ఎందుకు, తలకిందులుగా నిలబెట్టి మళ్ళీ తిప్పు, దానంతట అదే పనిచేస్తుంది అన్నాడు. ఎవరి మాట వినాలో తెలీక ఇక్కడ అడుగుతున్నా. ఇలాంటివి చేతితో బాగు చేసినవాళ్ళు ఉంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్. అలాగే కిరోసిన్ దొరకడం కష్టంగా ఉంది, ఆ బర్నర్ తీసేసి వంటగ్యాస్ బర్నర్ పెట్టొచ్చా అన్నది కూడా చెప్పండి.

---

నీలిమంట:

అన్నిటికంటే ముందు ఒక్క మాట, ఆ ట్యూబు కట్ చెయ్యనివ్వకండి. దయచేసి. ఏసీ మెకానిక్ చెడ్డవాడని కాదు, ఆయనకి తెలిసిన ఫ్రిజ్ వేరు, ఇది వేరు. దీంట్లో సర్వీస్ వాల్వ్ ఉండదు ఎందుకంటే ఫ్యాక్టరీలో నింపి వెల్డింగ్ తో మూసేస్తే జీవితాంతం అలాగే ఉండాలని చేసిన వస్తువు ఇది. లోపల ఒత్తిడి 20 నుంచి 25 బార్ దాకా ఉంటుంది, ఫ్రిజ్ ఆఫ్ లో ఉన్నా సరే లోపల గట్టి ఒత్తిడే. అందులో అమ్మోనియా ఉంది, అది కళ్ళనీ ఊపిరితిత్తుల్నీ కాల్చేస్తుంది. హైడ్రోజన్ ఉంది, అది నిప్పు తగిలితే అంటుకుంటుంది. నీళ్ళలో సోడియం క్రోమేట్ కలిపి ఉంటుంది, ఉక్కు లోపల తుప్పు పట్టకుండా, అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. ఈ మూడూ ఉన్నదాని మీద గ్రైండర్ పెట్టడం అంటే ఏంటో మీరే ఆలోచించండి. పైగా రాగి ట్యూబు, ఇత్తడి వాల్వ్ లాంటివి అమ్మోనియా తినేస్తుంది కాబట్టి ఏసీ సామానుతో వేసిన ఏ అతుకూ అక్కడ నిలవదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అది తెలిస్తే ఎక్కడ వెతకాలో మీకే అర్థమవుతుంది. కింద బాయిలర్ లో అమ్మోనియా కలిసిన నీళ్ళుంటాయి. మంట వేడికి అమ్మోనియా బుడగలుగా లేచి ఒక సన్నటి ట్యూబులోంచి పైకి పోతూ తనతో పాటు నీళ్ళని కూడా తోసుకెళ్తుంది, అదే దీనికి పంపు, పెర్క్ ట్యూబ్ అంటారు. మోటార్ లేకుండా ద్రవం తిరుగుతోందంటే మొత్తం ఆ సన్నటి ట్యూబు దయే. పైకెళ్ళాక నీళ్ళు వేరుపడి అబ్జార్బర్ వైపు, అంటే కింద ఉన్న మెలికల ట్యూబు వైపు దిగుతాయి, అమ్మోనియా ఆవిరి రెక్టిఫయర్ లో మిగిలిన కొంచెం నీటి ఆవిరిని కూడా వదిలించుకుని కండెన్సర్ కి పోతుంది. అంటే వెనక పైన ఉండే రేకుల ట్యూబు. 20 బార్ ఒత్తిడిలో అమ్మోనియా దాదాపు 49 డిగ్రీల దగ్గరే ద్రవంగా మారిపోతుంది, అందుకే గది గాలి తగిలితే చాలు.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఆ ద్రవం ఫ్రీజర్ చుట్టూ ఉన్న ఎవాపరేటర్ లోకి దిగేసరికి అక్కడ హైడ్రోజన్ నిండి ఉంటుంది. మొత్తం ఒత్తిడి అన్ని చోట్లా ఒకటే, కానీ అక్కడ ఎక్కువ వాటా హైడ్రోజన్ ది కాబట్టి అమ్మోనియా వాటా ఒత్తిడి బాగా తక్కువ, దాంతో అది తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆవిరైపోతూ లోపలి వేడి లాగేస్తుంది. ఆ మిశ్రమం బరువెక్కి కిందికి జారి అబ్జార్బర్ కి వస్తే అక్కడ నీళ్ళు అమ్మోనియాని పీల్చుకుంటాయి (అబ్జార్ప్షన్ అన్న పేరు అందుకే), హైడ్రోజన్ తేలికై మళ్ళీ పైకి పోతుంది. 1922 లో స్టాక్‌హోమ్ లో ఇద్దరు విద్యార్థులు, ప్లాటెన్, మంటర్స్ అని, కదిలే భాగం ఒక్కటీ లేకుండా దీన్ని కనిపెట్టారు, 1925 లో ఎలక్ట్రోలక్స్ ఆ హక్కులు కొనుక్కుంది. వందేళ్ళైనా సూత్రం మారలేదు.

దీని నుంచి మీకు కావాల్సిన విషయం ఏంటంటే, లోపల అంతా భూమ్యాకర్షణ మీదే నడుస్తుంది. పంపు లేదు, ఫ్యాన్ లేదు. కాబట్టి ఫ్రిజ్ సరిగ్గా నిటారుగా నిలబడకపోతే ద్రవం ఎక్కడో గుంటలో ఆగిపోతుంది, తిరగదు. సరిపడా వేడి సరైన చోట తగలకపోయినా తిరగదు. వెనక గాలి ఆడకపోతే తిరిగినా ఫలితం ఉండదు. మొదట ఈ మూడు చూసుకోవాలి, ట్యూబులు పోయాయి అన్న మాట ఆ తర్వాతే.

లెవెల్ మీరు చూశారా? ఫ్రిజ్ పైన కాదు, లోపల ఫ్రీజర్ అడుగు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ రెండు వైపులా చూడండి. పాత మోడల్స్ కి ఒకటి రెండు డిగ్రీల వాలు కూడా ఎక్కువే. వాలుగా పెట్టి గంటల తరబడి మంట పెడితే బాయిలర్ లోకి ద్రవం తిరిగి రాక అది ఎండిపోయి విపరీతంగా వేడెక్కుతుంది, అప్పుడు ఆ క్రోమేట్ గట్టిపడి పెర్క్ ట్యూబ్ మూసేస్తుంది, అది ఇంక తెరుచుకోదు. అందుకని లెవెల్ చూసేదాకా మళ్ళీ వెలిగించకండి.

---

వత్తి_బర్నర్:

నీలిమంట అన్న చెప్పింది సోలా ఆనా కరెక్ట్. నేను బర్నర్ సంగతి చెప్తా, నా చేతిల పడ్డ కిరోసిన్ ఫ్రిజ్లల్ల ఎక్కువ మటుకు లోపం గీడనే దొరికింది.

మంట నిలకడగా ఉంది అన్నరు గానీ ఏ రంగుల ఉంది చెప్పలే. కింద చిన్న అద్దం పెట్టి చూడుర్రి, చుట్టూ సమానంగ నీలం రంగుల ఉండాలె. ఒక దిక్కు పసుపు నాలుక లేస్తున్నదంటే వత్తి ఆ దిక్కు ఎత్తుగ ఉన్నట్టు లేదా మసి గడ్డ కట్టినట్టు. వత్తిని కత్తెరతోని కోయొద్దు, కోస్తే ఒక్క పోగు పైకి లేసినా మంట గాడనే పొగ కక్కుతది. చల్లారినంక కాలిన పొక్కు ఎంత ఉందో అంత గుడ్డతోని ఒకే దిక్కు తుడుసుకుంట పోవాలె, అంచు సాపుగ అయితది. ఏండ్లకేండ్లు పక్కకు పడ్డ వత్తి అయితే మాత్రం తుడిస్తే లాభం లేదు, పాత కిరోసిన్ జిగురులెక్క గట్టిపడి పోగుల మధ్య దారులు మూసుకపోతయి, కొత్తది వేయాల్సిందే. కొలత సరిగ్గ అదే ఉండాలె, వదులుగ ఉంటే పక్కల నుంచి మంట కిందికి దిగుతది.

ఇంకోటి, వెలిగించిన వెంటనే మంట సెట్ చేసి పోవద్దు. బర్నర్ వేడెక్కిన కొద్దీ మంట దానంతట అది పెద్దగైతది. అర్ధగంట ఆగి మళ్ళ చూసి తగ్గించాలె. మండుతుండంగ ట్యాంకుల నూనె పోసుడు అసలే వద్దు.

ఇగ అసలు సంగతి, పొగగొట్టంల బఫుల్ ఉందా? ఉక్కు రేకును మెలిపెట్టి స్ప్రింగు తీరుగ చేసి తీగతోని పై నుంచి వేలాడేస్తరు. గా రేకు వేడి గాలిని సుడులు తిప్పి గొట్టం గోడకు, అంటే బాయిలర్ కు తగిలేటట్టు చేస్తది. గా రేకు లేకుంటే వేడంత నిటారుగ పైకి పోతది, కింద చేయి పెట్టలేనంత వేడి ఉంటది గానీ పెర్క్ ట్యూబ్ కు అందాల్సిన వేడి అందదు. మీరు చెప్పిన లక్షణం సూస్తుంటే నాకు ముందు గదే డౌట్ కొడుతున్నది. మనుషులు గొట్టం తుడుద్దామని దాన్ని బయటికి తీసి ఏడనో పెట్టి మర్చిపోతరు, లేకుంటే తీగ తుప్పు పట్టి తెగి కిందికి జారి ఉంటది. వేలాడే ఎత్తు కూడ లెక్కే, ఇంచు కిందికి జారినా పనితనం పడిపోతది. తీగ పొడుగు ఎంతుందో కొలిచి రాసి పెట్టుకోర్రి.

గొట్టం తుడిచేటప్పుడు బర్నర్, ట్యాంకు రెండూ బయటికి తీసెయ్యాలె, కింద కాగితం పరిచి పై నుంచి గుండ్రటి తీగ బ్రష్ దింపి గుంజాలె. లోపల మసి పొర ఎంత పల్సగ ఉన్నా వేడిని ఆపుతది. అయినంక పై నుంచి టార్చ్ కొడితే కింద వెలుగు సక్కగ గుండ్రంగ కనపడాలె.

---

పాతసామాను:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ట్యూబు కట్ చేసే ఆలోచన మానేశాను.

ఇప్పుడే లెవెల్ పెట్టి చూశా, ఎడమ వైపుకి బాగానే వాలి ఉంది, నేల సమంగా లేదు. పొగగొట్టంలోకి పై నుంచి చూస్తే మెలికల రేకు ఉంది గానీ తీగ వంకర తిరిగి ఉంది, సరైన ఎత్తులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మంట రంగు కింద నీలం, పైన చివర్లు పసుపు, ఒక పక్క ఎక్కువ.

ఇంకో రెండు డౌట్లు. వాలుగా ఉండగానే రాత్రంతా నడిపాను కదా, పెర్క్ ట్యూబ్ పోయి ఉంటుందా? తలకిందులు చేసే సంగతి ఎవరూ చెప్పలేదు, అది నిజమేనా లేక ఊరికే అనే మాటా? వెనక బాయిలర్ పక్కన ఇంకో ఖాళీ రంధ్రం లాంటిది ఉంది, సన్నటి గొట్టం, అందులో ఏమీ లేదు, అది దేనికి?

---

నీలిమంట:

ఒక్క రాత్రికే పోయిందని తేల్చెయ్యక్కర్లేదు. క్రోమేట్ గట్టిపడటం చాలా వరకు పదే పదే జరిగితే వచ్చే జబ్బు. కాబట్టి ఆశ వదులుకోకండి.

తలకిందులు చెయ్యడం ఊరికే అనే మాట కాదు, అలాగని మంత్రం కూడా కాదు. చాలా కాలం కదలకుండా ఉన్నప్పుడో పడుకోబెట్టి తెచ్చినప్పుడో ద్రవం ఉండకూడని చోట చేరి ఆగిపోతే, తిప్పడం వల్ల మళ్ళీ కలిసి తన చోటుకి రావొచ్చు, అలాంటప్పుడే అది పనిచేస్తుంది. లీక్ అయిన యూనిట్ కి గానీ, గట్టిపడి మూసుకుపోయిన ట్యూబుకి గానీ ఎన్ని సార్లు తిప్పినా ఉపయోగం ఉండదు. మీది వ్యాన్ లో పడుకుని వచ్చింది కాబట్టి ముందు చెయ్యాల్సింది నిటారుగా నిలబెట్టి, మంట లేకుండా ఒక రోజు వదిలెయ్యడం. చాలా సార్లు అదే సరిపోతుంది. అప్పటికీ కాకపోతేనే తిప్పే సంగతి. తిప్పాల్సి వస్తే ట్యాంకు, బర్నర్, లోపలి అరలు అన్నీ తీసేసి, తలుపు కట్టేసి, ఇద్దరు ముగ్గురు కలిసి మెల్లగా చెయ్యండి, తుప్పు ఎక్కువ ఉన్న ట్యూబు మీద బరువు పడకూడదు. తుప్పు పట్టిన చోట గుంటలు పడి ఉంటే తిప్పొద్దనే చెప్తాను, 20 బార్ ఉన్న పల్చటి గోడని కుదపడం నాకు ఇష్టం లేదు. బయట గాలి ఆడే చోట చెయ్యండి.

ఆ ఖాళీ గొట్టం ఉండటం మీ అదృష్టం. అది ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకునే చోటు అయ్యుంటుంది, చాలా మోడల్స్ కిరోసిన్ తో పాటు కరెంటుతో కూడా నడిచేలా చేశారు. పరీక్షకి దీన్ని మించింది లేదు. మంటలో లోపం ఉందా, సీల్ చేసిన యూనిట్ లో లోపం ఉందా అన్నది ఇది ఒక్క దెబ్బకి తేల్చేస్తుంది. ఫ్రిజ్ లోపల గానీ వెనక గానీ ఒక రేకు ముక్క మీద హీటర్ వోల్టేజీ, వాట్లు రాసి ఉంటాయి, సరిగ్గా అంతే వాట్ల కార్ట్రిడ్జ్ హీటర్ (గొట్టంలో దూర్చే కడ్డీ లాంటి హీటర్) వెయ్యండి. మల్టీమీటర్ తో చూసుకోవడం కూడా తేలికే, వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగిస్తే ఓమ్స్ వస్తాయి. 230 వోల్టులు, 125 వాట్లు అనుకుంటే 423 ఓమ్స్ దగ్గర చూపించాలి. ఎర్త్ వైరు తప్పకుండా వెయ్యండి, బాడీ అంతా ఇనుమే.

హీటర్ తో చల్లబడి మంటతో చల్లబడకపోతే యూనిట్ బ్రహ్మాండంగా ఉన్నట్టే, వత్తి, బఫుల్, మసి వీటి మీదే కూర్చోవాలి. రెండిటితోనూ చల్లబడకపోతే అప్పుడు చేత్తో తడిమి చూడాలి. బాయిలర్ ని ముట్టుకోకండి, అక్కడ 150 డిగ్రీలు దాటి ఉంటుంది. కొన్ని గంటలు నడిచాక పైన కండెన్సర్ రేకులు వెచ్చగా ఉన్నాయా, కింద అబ్జార్బర్ మెలికలు వెచ్చగా ఉన్నాయా చూడండి. రెండూ వెచ్చగా ఉంటే ద్రవం తిరుగుతోందని అర్థం, అమ్మోనియా పైకి పోతోంది, నీళ్ళు దాన్ని పీల్చుకుంటున్నాయి. బాయిలర్ కణకణలాడుతూ ఆ రెండూ చల్లగా ఉంటే పెర్క్ ట్యూబ్ తోడట్లేదు, వేడి చాలకనో మూసుకుపోయో. చెవి పెట్టి వింటే బాయిలర్ దగ్గర సన్నగా బుడబుడమనే శబ్దం వస్తుంది, అది వినపడితే నాకైతే సగం ప్రాణం లేచొస్తుంది.

బఫుల్ ఎత్తుకి నా లెక్క ఏంటంటే రేకు కింది కొస మంట కొసకి తగలకూడదు, పై కొస బాయిలర్ పెట్టె ఎత్తు దాటి పోకూడదు. సరైన కొలత ఆ మోడల్ మాన్యువల్ లోనే ఉంటుంది, అది దొరక్కపోతే తీగ వంకర సాగదీసి అసలు పొడుగు ఎంతో చూడండి, ఫ్యాక్టరీలో పెట్టిన పొడుగు చాలా వరకు అదే.

బాయిలర్ చుట్టూ రేకు పెట్టె ఉంది కదా, అందులో దూది లాంటి ఇన్సులేషన్ ఉందా లేదా కూడా చూడండి. ఎలుకలు లాగేసి ఖాళీ చేస్తాయి. ఈ ఫ్రిజ్ లకి వంద వాట్ల వేడి ఇస్తే వచ్చే చల్లదనం ఇరవై ముప్పై వాట్లే, అందులో కూడా కొంత బయటికి పోతే ఇంకేం మిగులుతుంది. కానీ ఒక జాగ్రత్త, అంత పాతదాంట్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పొడిగా ఉన్నప్పుడు పీకొద్దు, తడిపి, మాస్క్ వేసుకుని మాత్రమే. వీలుంటే దాన్ని అసలు కదపకుండా ఖాళీ ఉన్న చోట రాక్ వూల్ కూరండి.

---

గాలిగొట్టం:

అందరూ చల్లబడటం గురించి మాట్లాడుతున్నారు, నాకు ఆ పసుపు చివర్ల మంట చదివాక నిద్ర పట్టేలా లేదు. పాతసామాను గారూ, మీరు దాన్ని రాత్రంతా ఎక్కడ నడిపారు? ఇంట్లో మనుషులు పడుకునే గది పక్కన కాదు కదా?

పసుపు మంట అంటే నూనె పూర్తిగా కాలట్లేదని, అంటే మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తోందని. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు, అంతే, మనిషి లేవడు. ఇదేదో భయపెట్టడానికి చెప్పట్లేదు. అమెరికాలో సర్వెల్ అనే కంపెనీ 1933 నుంచి 1957 దాకా తయారు చేసిన గ్యాస్ ఫ్రిజ్ ల మీద అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ ఎప్పుడో హెచ్చరిక ఇచ్చింది, పాతబడి మసి పట్టిన బర్నర్ల నుంచి వచ్చిన ఈ గ్యాస్ వల్ల మనుషులు చనిపోయారు, వాడటం మానెయ్యండి అని స్పష్టంగా చెప్పింది. అవి కూడా అబ్జార్ప్షన్ ఫ్రిజ్ లే, మీదాని లాగే చప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి నడిచేవి, అదే వాటి ప్రమాదం కూడా.

కాబట్టి పరీక్షలన్నీ వరండాలోనో కిటికీలు తలుపులు తీసున్న షెడ్ లోనో చెయ్యండి. తర్వాత ఇంట్లో పెట్టాలనుకుంటే పొగగొట్టం బయటికి పోయేలా ఉండాలి, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఆ గదిలో ఉండాలి. గొట్టం చివర తెల్ల కాగితం కాసేపు పట్టుకుంటే మసి మచ్చ పడుతుందేమో చూడండి, పడితే మంట ఇంకా సరి కాలేదు. కాగితం శుభ్రంగా ఉందని మాత్రం ధైర్యపడొద్దు, మసి లేకుండా కూడా ఆ గ్యాస్ రావొచ్చు, అలారం తప్పనిసరి.

ట్యూబుల్లో ఎక్కడైనా పసుపు పొడి గానీ పసుపు మరక గానీ కనపడితే అది క్రోమేట్, యూనిట్ లీక్ అయినట్టే. చేత్తో గోకొద్దు, ఊదొద్దు, గ్లవ్స్ వేసుకుని తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ మూటగట్టి వేరుగా పారెయ్యండి. అమ్మోనియా వాసన వస్తే మంట ఆర్పేసి అందరూ బయటికి రండి, వాసన ఎక్కడి నుంచో వెతుకుతూ లోపలే నిలబడొద్దు.

---

చల్లపెట్టె:

నేను టీకాలు దాచే ఫ్రిజ్ లు చూసుకునే పనిలో చాలా కాలం ఉన్నాను, కరెంటు లేని చోట్ల అప్పట్లో ఇలాంటివే కిరోసిన్ తోనో గ్యాస్ తోనో నడిచేవి. టీకాలకి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఈ ఫ్రిజ్ లతో అది నిలబెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు, మంట కొంచెం పెరిగితే గడ్డకట్టేది, కొంచెం తగ్గితే వేడెక్కేది. సోలార్ ఫ్రిజ్ లు వచ్చాక వాటి అవసరం తగ్గిపోయింది. అయినా వాటి మీద నాకు గౌరవం పోలేదు, ఒక వత్తి, ఒక లీటరో రెండో నూనెతో ఎక్కడో కొండల మధ్య ఐస్ తయారు చేసిన యంత్రం అది.

ఆ అనుభవంతో చెప్తున్నా, ఎక్కువ మంది పట్టించుకోనిది గాలి. ఫ్రిజ్ ని గోడకి ఆనించి పెట్టేస్తారు. వెనక అబ్జార్బర్, కండెన్సర్ రెండూ వేడిని గాలికి వదలాలి, కింద నుంచి చల్లగాలి వచ్చి పై నుంచి వేడిగాలి పోవాలి. వెనక కనీసం జానెడు ఖాళీ వదలండి, పైన అరలు, డబ్బాలు పెట్టి మూసెయ్యకండి. రేకుల మధ్య సాలెగూళ్ళు, దుమ్ము మెత్తటి బ్రష్ తో దులపండి. గది 35 డిగ్రీలు దాటితే ఈ ఫ్రిజ్ లు చేతులెత్తేస్తాయి, అప్పుడు మంట పెంచకండి. వేడి ఎక్కువైతే అమ్మోనియాతో పాటు నీటి ఆవిరి కూడా ఎక్కువగా పైకి పోయి ఎవాపరేటర్ లో చేరుతుంది, ఉన్న చల్లదనం కూడా పోతుంది. మంట పెంచిన కొద్దీ చల్లబడుతుందనుకోవడం దగ్గరే చాలా ఫ్రిజ్ లు పాడయ్యాయి.

తొందర పడకండి. ఫ్రీజర్ దగ్గర తేడా తెలియడానికే కొన్ని గంటలు, మొత్తం పెట్టె చల్లబడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మాటిమాటికీ తలుపు తీసి చెయ్యి పెట్టి చూడొద్దు, ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ ముంచి మధ్య అరలో పెట్టి పొద్దునోసారి సాయంత్రం ఓసారి చూసి రాసుకోండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. పాత రబ్బరు గట్టిపడి ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే కొంత సాగుతుంది.

---

పాతసామాను:

గాలిగొట్టం గారూ, నడిపింది వెనక షెడ్ లో, ఎవరూ పడుకోరు అక్కడ. అయినా మీరు అడిగినందుకు చాలా థాంక్స్, అలారం కొని పెట్టాను.

చేసినవి చెప్తాను. కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి రెండు వైపులా లెవెల్ సరి చేశా, వెలిగించకుండా ఒక రోజు వదిలేశా. రేటింగ్ ఉన్న రేకు దొరికింది, అదే వాట్ల హీటర్ తెచ్చి ఆ గొట్టంలో పెట్టి ఎర్త్ వేసి ఆన్ చేశా. సాయంత్రానికి నీలిమంట గారు చెప్పిన బుడబుడ శబ్దం వినపడింది, కండెన్సర్ రేకులు వెచ్చబడ్డాయి. మర్నాడు ఫ్రీజర్ ట్యూబు మీద తెల్లగా మంచు పేరుకుంది! తలకిందులు చేసే పని పడలేదు.

తర్వాత హీటర్ తీసేసి మంట మీదకి మార్చా. గొట్టంలోంచి దోసెడు మసి వచ్చింది, బఫుల్ తీగ సాగదీస్తే రేకు దాదాపు నాలుగు వేళ్ళు కిందికి దిగింది, ఇన్నాళ్ళూ అది బాయిలర్ కి పైన వేలాడుతోందన్నమాట. వత్తి కొత్తది వేశా, మంట చుట్టూ నీలంగా ఉంది, కాగితం మీద మసి పడట్లేదు, అలారం మోగలేదు. ఫ్రీజర్ లో మంచు నిలుస్తోంది గానీ మధ్య అరలో గ్లాసు నీళ్ళు 11 డిగ్రీల దగ్గర ఆగిపోయాయి. హీటర్ తో అయితే 6 దాకా వచ్చింది. తలుపు రబ్బరు కాగితం టెస్ట్ లో బానే ఉంది. ఇంకేం చూడాలి? గ్యాస్ బర్నర్ సంగతి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

---

వత్తి_బర్నర్:

శానా సంతోషం అనిపించింది అన్నా. హీటర్ తోని 6 వస్తే యూనిట్ కు రోగం లేదు, వేడి ఇంకా కొంచెం తక్కువ అందుతున్నది, అంతే. బర్నర్ మీద మంటను చెదరగొట్టే చిల్లుల టోపీ ఉంటది, దాని చిల్లులు కొన్ని మూసుకపోయినయేమో సూడు, సన్నని బ్రష్ తోని తోమి కడుగు. బర్నర్ సరిగ్గ పొగగొట్టం నడుమ కూసుంటలేదా అది కూడ సూడు, ట్యాంకు జరుపుకునే పట్టాలు వంగితే మంట ఒక పక్కకు పోతది. గాలి ఎక్కువ ఆడే షెడ్ అయితే కింద మంట చుట్టూ రేకు అడ్డం పెట్టు, గాలి లోపలికి పోయే దారి మాత్రం మూయొద్దు. ఇయన్ని అయినంక కూడ రాకుంటే అప్పుడు బఫుల్ ను కొంచెం కొంచెం కిందికీ మీదికీ జరిపి, జరిపినప్పుడల్లా ఒక పూర్తి రోజు ఆగి థర్మామీటర్ సూసి రాసుకో.

---

నీలిమంట:

మంచు పేరుకుంది అన్న లైన్ చదివి చాలా ఆనందపడ్డానండీ.

గ్యాస్ గురించి: వంటపొయ్యి బర్నర్ తెచ్చి కింద పెట్టడం మాత్రం వద్దు. దాని వేడి ఈ బాయిలర్ కి కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, చల్లపెట్టె గారు చెప్పిన ఆ నీటి ఆవిరి సమస్య వెంటనే వస్తుంది, కొన్నాళ్ళకి పెర్క్ ట్యూబ్ కూడా పోతుంది. అబ్జార్ప్షన్ ఫ్రిజ్ కోసం చేసిన గ్యాస్ బర్నర్లు వేరేగా ఉంటాయి, చిన్న జెట్, దానితో పాటు థర్మోకపుల్ (మంట వేడిని పసిగట్టే చిన్న కడ్డీ) మీద నడిచే సేఫ్టీ వాల్వ్, మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అదే ఆగిపోతుంది. రాత్రింబవళ్ళు ఎవరూ చూడకుండా మండే మంటకి ఆ వాల్వ్ లేకుండా గ్యాస్ ఇవ్వడం నేను ఒప్పుకోను. మీ మోడల్ కే గ్యాస్ కిట్ వచ్చి ఉంటే, జెట్ సైజు దాని రేటింగ్ కి సరిపోతే, గ్యాస్ పని తెలిసినవాళ్ళ చేత బిగించుకుని అతుకులన్నీ సబ్బు నీళ్ళతో చూసుకోండి. జెట్ మూసుకుపోతే సూది పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైపోయి మంట లెక్క తప్పుతుంది, స్పిరిట్ లో నానబెట్టి గాలి కొట్టి ఆరబెట్టాలి.

అలాంటి కిట్ దొరక్కపోతే ఆ హీటర్ ని అలాగే ఉంచెయ్యండి, కరెంటు ఉన్నప్పుడు దాంతో, లేనప్పుడు వత్తితో. రెండూ ఒకేసారి మాత్రం వెలిగించకండి. బర్నర్ టోపీ కడిగాక మధ్య అరలో ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.